3 కిలోవాట్ల సోలారుకు హైబ్రిడ్ ఇన్వర్టరు, లిథియం బ్యాటరీ: బెంగళూరు ఇళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు సొంతింటి మిద్దె మీద ప్లేట్లు వేయించుకునే మనవాళ్లకు సోలారు, బ్యాటరీ, వీధి కరెంటు మూడింటినీ కలిపి నడిపే ఈ హైబ్రిడ్ ఇన్వర్టరును, దాని బ్యాటరీని ధైర్యంగా చెప్పొచ్చు. బ్యాటరీ 51.2 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లు, అంటే సుమారు 5 యూనిట్లు. సరుకు మంచిదే, కానీ బిగించినవాళ్లు వదిలేసిన సెట్టింగుతో వాడితే దాని విలువలో సగం కూడా దక్కదు.

ఆ సెట్టింగులో పొద్దెక్కగానే ఛార్జింగ్ మొదలై, మధ్యాహ్నానికి ముందే బ్యాటరీ నిండిపోతుంది. ఆ తర్వాత మిగులంతా వీధి లైన్లోకే. ఆ వేళకు కర్ణాటకలో ఎండ కరెంటుకు కొదవ లేదు. పావగడ పార్కు ఒక్కదాని సామర్థ్యమే 2,050 మెగావాట్లు. పొద్దు వాలితే అదంతా సున్నా అవుతుంది. అప్పుడు 1,035 మెగావాట్ల శరావతి లాంటి జలవిద్యుత్ కేంద్రాల్లో ఉత్పత్తి పెంచి, గ్రిడ్ ఫ్రీక్వెన్సీని (సరఫరా, వాడకం సరితూగితేనే ఇది నిలకడగా ఉంటుంది) 49.90-50.05 హెర్ట్జ్ మధ్య నిలబెట్టాలి. ఇంటి బ్యాటరీ మధ్యాహ్నం తీసుకుని సాయంత్రం ఇస్తే ఆ భారం కొంచెమైనా తగ్గుతుంది.

అందుకు టైమ్ మోడ్ పెట్టించండి. ఉదయం 11 నుంచి 3 దాకా 20 ఆంపియర్లతో ఛార్జింగ్, అంటే ఇంచుమించు 1 కిలోవాట్. సాయంత్రం 6 నుంచి 10 దాకా 900 వాట్లకు మించకుండా వాడకం. బ్యాటరీ 30 శాతానికి దిగాక ఆగాలి. మిగిలిన ఆ ఒకటిన్నర యూనిట్‌తో కరెంటు పోయినా రాత్రి ఫ్యాన్లు, లైట్లు, వైఫై నడుస్తాయి. వానాకాలం మబ్బు రోజుల్లో ఛార్జింగ్‌ను 9 గంటలకే మొదలుపెట్టాలి.

ఎక్కువగా తప్పు జరిగేది మీటరు దగ్గర తీగకు తగిలించే సీటీ క్లాంపులో (కరెంటు ఎంత, ఏ వైపు పారుతోందో ఇన్వర్టరుకు చెప్పే పరికరం). బాణం గుర్తు తిరగబడితే ఇన్వర్టరు తీసుకునే కరెంటును ఇచ్చే కరెంటుగా లెక్కేస్తుంది. రాత్రిపూట 2 కిలోవాట్ల గీజరు వేసి యాప్ చూడండి. గ్రిడ్ నుంచి తీసుకునేది, బ్యాటరీ ఇచ్చేది కలిపి 2 కిలోవాట్లు పెరగాలి. అలా కాకుండా ఎగుమతి పెరిగినట్టు చూపిస్తే క్లాంపు తిప్పించండి.

మధ్యాహ్నం ఇన్వర్టరు పదేపదే ఆగిపోతుంటే వోల్టేజీ 253 దాటుతోందేమో చూడాలి, ఆ హద్దు దాటితే ఇన్వర్టరు తనంతట తానే ఆగుతుంది. మీటరు 30 మీటర్ల దూరంలో ఉంటే, పూర్తి ఉత్పత్తిలో 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలోనే మూడున్నర వోల్టులు పెరుగుతాయి. 10 చదరపు మిల్లీమీటర్ల తీగైతే ఒకటిన్నరే. ముందే మందపు తీగ అడగండి. అక్కడ పొదుపు చేయొద్దు.

బ్యాటరీ శాతం ఒక్కసారిగా 60 నుంచి 15కు పడిపోతుంటే సెల్స్ పోయాయని కంగారుపడక్కర్లేదు. ముందు బ్యాటరీ లెక్కలను ఇన్వర్టరుకు చేరవేసే కమ్యూనికేషన్ కేబులు చూడండి. రెండు కంపెనీల పిన్నుల వరస కలవకపోతే ఇన్వర్టరు వోల్టేజీని బట్టి అంచనా వేస్తుంది. ఈ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో ఛార్జ్ తగ్గినా వోల్టేజీ పెద్దగా మారదు కాబట్టి ఆ అంచనా నిలవదు.

బిల్లు తగ్గించుకోవడానికే అయితే బ్యాటరీ వద్దు. నెట్ మీటరింగ్‌లో (గ్రిడ్‌కు ఇచ్చింది, తీసుకుంది బిల్లులో సరిచూసే పద్ధతి) ఇచ్చిన యూనిట్ ఎలాగూ లెక్కలోకి వస్తుంది. బ్యాటరీలోకి వెళ్లొచ్చిన కరెంటులో నూటికి పది, పదిహేను వంతులు పోతాయి. కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకు వచ్చే 78,000 రూపాయల సబ్సిడీ కూడా సోలారుకే.

కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో నడిచే బ్యాకప్ లైను మీద గీజరు, నీళ్ల మోటారు పెట్టించకండి. 1 హెచ్‌పీ మోటారు మొదలయ్యేటప్పుడు లాగే అయిదారు రెట్ల కరెంటుకు ఇన్వర్టరు ట్రిప్ అవుతుంది.