సప్రెసర్‌పై చట్టం: అమెరికా దారి మేలా, నార్వే దారా, జర్మనీ దారా?

2026 జనవరి 1 నుంచి అమెరికాలో తుపాకీ సప్రెసర్ (గొట్టం చివర బిగించి పేలుడు శబ్దాన్ని తగ్గించే పరికరం) మీద 200 డాలర్ల ఫెడరల్ పన్ను సున్నా అయింది. అప్పటి నుంచి చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. నార్వేలో సప్రెసర్‌ను మామూలు వేట సామగ్రిలా అమ్ముతారు. కెనడాలో అది నిషిద్ధ పరికరం. అమెరికాలో వేలిముద్రలు ఇచ్చి, అనుమతి వచ్చేదాకా ఆగి కొనుక్కోవాలి. ఇన్ని పద్ధతుల్లో ఏది మేలు? నా మొగ్గు జర్మనీ వైపు. ఎందుకో చెప్పాలంటే ముందు చెవి సంగతి తేల్చుకోవాలి.

సినిమాల్లో వినిపించే ఆ మెత్తని ‘టప్’ చప్పుడును నమ్మి చట్టాల గురించి వాదించేవాళ్లు ఎక్కువ. గుండు గొట్టం దాటగానే దాని వెనకే విపరీతమైన ఒత్తిడితో ఉన్న వేడి వాయువు ఒక్కసారిగా బయటపడుతుంది. పెద్ద పేలుడు శబ్దం దానిదే. సప్రెసర్ లోపల వరసగా ఉండే అడ్డుపలకలు, వాటి మధ్య గదులు ఆ వాయువును కాసేపు ఆపి, వ్యాకోచించి చల్లబడనిచ్చి, మెల్లగా వదులుతాయి. వాహనం సైలెన్సర్ చేసే పనీ ఇదే. 1909లో అమెరికాలో దీనికి పేటెంట్ పొందిన హైరమ్ పెర్సీ మాక్సిమ్ ఇంజన్ల చప్పుడు తగ్గించే సాధనాలు కూడా తయారుచేశాడు.

దీనివల్ల తగ్గేది సుమారు 20 నుంచి 30 డెసిబెల్స్. వేట రైఫిల్ శబ్దం 160 దాటుతుంది. 140 దాటిన శబ్దం ఒక్క దెబ్బకే వినికిడిని శాశ్వతంగా పాడుచేయగలదు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు ఒకసారి చచ్చాక మళ్లీ పుట్టవు. అంటే సప్రెసర్ చేసేదల్లా ఆ శబ్దాన్ని ప్రమాదరేఖ దగ్గరికో, కాస్త దిగువకో తేవడం. అప్పటికీ అది రంపపు యంత్రం చప్పుడు కంటే ఎక్కువే. పైగా వేట గుండు సెకనుకు 800 మీటర్ల వేగంతో పోతుంది, ధ్వని వేగం 340. ఆ తేడా వల్ల గాలిలో పుట్టే పగులు శబ్దాన్ని ఏ సప్రెసరూ ఆపలేదు.

చెవులకు మఫ్స్ పెట్టుకోవచ్చుగా అంటారు. లక్ష్యాల మీద కాల్చే మైదానంలో పెట్టుకోవాలి కూడా. అడవిలో జింక అడుగుల అలికిడి వినాల్సిన వేటగాడు ఏం చేయాలి? శబ్దాన్ని వడగట్టే ఎలక్ట్రానిక్ మఫ్స్ అతని చెవులను కాపాడతాయి సరే, పక్కనే నిలబడ్డ కుక్క చెవులను ఎవరు కాపాడతారు? సప్రెసర్ శబ్దాన్ని పుట్టినచోటే తగ్గిస్తుంది, చుట్టూ ఉన్న అందరికీ తగ్గిస్తుంది. అందుకే పూర్తి నిషేధం పక్షాన నేను నిలబడలేను.

ఇక అమెరికా. 1934 నాటి నేషనల్ ఫైర్ఆర్మ్స్ యాక్ట్ మెషిన్ గన్లతో పాటే సప్రెసర్లనూ కలిపి, రెంటి మీదా 200 డాలర్లు వేసింది. అప్పట్లో థామ్సన్ సబ్‌మెషిన్ గన్ ధరే దాదాపు అంత. సప్రెసర్ మాత్రం కొద్ది డాలర్ల వస్తువు. దాన్ని ఆ జాబితాలో ఎందుకు చేర్చారో ఆనాటి చర్చల్లో గట్టి కారణం కనిపించదు. తొంభై ఏళ్లు ఆ మొత్తాన్ని పైసా పెంచలేదు, తగ్గించలేదు. ఇప్పుడు పన్ను పోయినా రిజిస్ట్రేషన్, వేలిముద్రలు, ఫెడరల్ అనుమతి అలాగే ఉన్నాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయ్ సహా ఎనిమిది రాష్ట్రాల్లో సామాన్యులు అసలు ఉంచుకోకూడదు.

నార్వేలో వ్యవహారం తలకిందులు. అక్కడ వేటగాడు కావాలంటే కోర్సు చదివి, పరీక్ష పాసై, ఒక్కో తుపాకీకీ పోలీసుల అనుమతి తెచ్చుకోవాలి. అదంతా దాటాక సప్రెసర్ జోలికి ఎవరూ రారు. న్యూజిలాండ్‌లోనూ దాదాపు అంతే. ఈ రెండు దేశాలూ ఘోరమైన మారణకాండలు చూశాయి. నార్వేలో 2011 జులై 22న 77 మంది, న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లో 2019 మార్చి 15న 51 మంది చనిపోయారు. ఆ తర్వాత రెండూ సెమీ ఆటోమేటిక్ (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక గుండు పేలి, మరొకటి దానంతటదే సిద్ధమయ్యే) తుపాకుల మీద కొరడా ఝుళిపించాయి. న్యూజిలాండ్ అయితే నెల తిరక్కుండానే చట్టం చేసింది. సప్రెసర్‌ను మాత్రం రెండూ నిషేధించలేదు. ప్రాణం తీసేది ఏదో ఆ చట్టసభలకు తెలుసు.

ఈ పోలిక చూపించి, “నార్వేలో లేని ఆంక్షలు అమెరికాలో ఎందుకు?” అనేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. అమెరికాలో రైఫిల్ సొంతం చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. దుకాణంలో కొంటే నేరచరిత్ర తనిఖీ ఉంటుంది. ఒకరి దగ్గర ఒకరు కొనుక్కుంటే చాలా రాష్ట్రాల్లో అదీ ఉండదు. అంటే రైఫిల్ తేలిగ్గా దొరుకుతుంది, దానికి బిగించే గొట్టానికి మాత్రం వేలిముద్రలు కావాలి. మొదటి గడప దగ్గర కాపలా లేని దేశం రెండో గడప దగ్గర ఉన్న కాపలాను కూడా తీసేయాలనడం నార్వేను సగమే అనుకరించడం. 2019 మే 31న వర్జీనియా బీచ్‌లో 12 మందిని చంపిన వ్యక్తి వాడిన .45 క్యాలిబర్ (గుండు వ్యాసం దాదాపు 0.45 అంగుళం) పిస్టల్‌కు సప్రెసర్ ఉంది. అలాంటి పిస్టల్ గుండు సాధారణంగా ధ్వని వేగం దాటదు కాబట్టి, పైన చెప్పిన పగులు శబ్దం కూడా అందులో ఉండదు. ఇలాంటి సందర్భాలు అరుదే, కానీ లేవని వాదించడం నిజాయతీ కాదు.

జర్మనీ ఈ రెండు అంచులనూ కలిపింది. 2020లో ఆయుధ చట్టాన్ని సవరించి, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు గలవాళ్లు సెంటర్‌ఫైర్ (తూటా అడుగున మధ్యలో కొడితే పేలే) రైఫిళ్లకు సప్రెసర్ కొనుక్కోవచ్చని చెప్పింది. విడిగా అవసరం నిరూపించుకోనక్కర్లేదు. కొన్నాక రెండు వారాల్లో ఆయుధ కార్డులో నమోదు చేయించుకోవాలి. వేట లైసెన్సు పరీక్ష తేలిగ్గా గట్టెక్కేది కాదు, అందులో జంతువుల గురించీ ఆయుధ చట్టం గురించీ అడుగుతారు, గురి కూడా చూస్తారు. మనిషిని ఒకసారి గట్టిగా పరీక్షించి నమ్మాక, వస్తువు కోసం మళ్లీ అనుమానించరు. వస్తువు ఎవరి దగ్గరుందో మాత్రం రాసుకుంటారు. నిర్ణయానికి నేను పెట్టుకున్న కొలత ఇదే: తుపాకీ పట్టిన మనిషిని ఎవరు, ఎలా పరీక్షించారు? సప్రెసర్ నిబంధనలు దాని తర్వాతి సంగతి.

మిగతావి క్లుప్తంగా. బ్రిటన్‌లో రైఫిల్ మోడరేటర్‌ను (సప్రెసర్‌కు అక్కడి పేరు) కూడా పోలీసులు ఇచ్చే సర్టిఫికెట్‌లో చేర్పించుకునే పద్ధతి చాలాకాలంగా ఉంటూ వచ్చింది, కాగితం పని తప్ప పెద్ద ఇబ్బంది లేదు. ఆస్ట్రేలియాలో కొద్దిమందికి తప్ప దొరకదు. భారత్‌లో అది నిషిద్ధ వర్గంలో ఉంది. 1972 వన్యప్రాణి చట్టం, ఆ తర్వాతి సవరణలతో వేటే ఆగిపోయిన చోట దాని అవసరం గురించి వాదించేదీ తక్కువే.

జర్మనీ చట్టంలో నాకు మింగుడుపడనిది ఒకటుంది. వేటగాళ్లకు ఇచ్చిన వీలు క్రీడా షూటర్లకు సాధారణంగా లేదు. వేటగాడు రోజంతా తిరిగి ఒకటో రెండో గుండ్లు కాలుస్తాడు. క్రీడాకారుడు ఒక్క సాధనలోనే వందదాకా కాల్చవచ్చు, పక్క వరుసల్లో ఉన్నవాళ్లు, శిక్షకుడు అదంతా భరించాలి. వాళ్ల తుపాకులూ లైసెన్సు మీదివే, వాళ్ల పేర్లూ అదే రిజిస్టర్లో ఉన్నాయి. చెవుల కోసమే ఈ వెసులుబాటు అయితే ముందు ఇవ్వాల్సింది వాళ్లకు.