బొమ్మలకు నూటికి నూరు, క్లూలకు సగం: సినిమా కనుక్కునే ఆట మీద నా సమీక్ష

ఫోన్‌లో రోజుకొక పాత సినిమా ఇచ్చి కనుక్కోమనే ఈ ఆటను తిరుపతిలో మా ఇల్లంతా ఏడాదికి పైగా ఆడుతున్నాం. పద్ధతి తేలికే. ముందు ఒక బొమ్మ చూపిస్తుంది. చెప్పలేకపోతే రెండోది, మూడోది, అట్లా ఆరు దాకా. మొదటి బొమ్మలో గోడో, చెట్టో, దీపమో ఉంటుంది. ఆరోదానికి వచ్చేసరికి హీరో ఎదురుగా నిలబడి ఉంటాడు. మధ్యలో కావాలంటే ఒక ప్రకటన చూసి క్లూ తీసుకోవచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. బొమ్మలు ఏరినవాళ్లు సినిమాను ప్రేమించినవాళ్లు. క్లూలు రాసినవాళ్లకు ఆ శ్రద్ధ లేదు.

'అహ నా పెళ్ళంట' (1987) వచ్చిన రోజు మొదటి బొమ్మలో ఇంటి పైకప్పు, దాన్నుంచి కిందికి దిగిన తాడు, అంతే. తాడు చివర ఏముందో ఫ్రేములోకి రానేలేదు. మా తమ్ముడు దెయ్యం సినిమా అన్నాడు. అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటా వచ్చి, ఒక్కసారి చూసి, "కోట శ్రీనివాసరావు కదరా, కోడిని యాలాడదీసి దాన్ని చూస్తా అన్నం తింటాడే!" అనింది. ఒక మనిషి పిసినారితనమంతా ఒక తాడులో పెట్టి చూపించిన జంధ్యాల గొప్పతనం, ఆ తాడునే ముందు చూపించాలని ఎంచుకున్నవాళ్ల చూపు, రెండూ ఆ రోజు నాకు బాగా తెలిసొచ్చాయి. 'శివ' (1989)కు సైకిల్ చెయిన్ మొదట్లోనే పెట్టేస్తారనుకున్నా. పెట్టలేదు, నాలుగో బొమ్మ దాకా దాచారు.

'శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం' (1960) బొమ్మల్లో అయితే కొండ ఊరివాళ్లం మేమే తడబడ్డాం. గుడి కనిపిస్తే చెప్పేస్తాం కదా అని ధీమాగా కూర్చుంటే గుడి రానేలేదు. ఐదో బొమ్మలో పాడుతున్న ఒక మనిషి. నాయన లేచి నిలబడి "ఘంటసాల!" అన్నాడు. 'శేషశైలావాస' పాటలో గొంతే కాదు, తెర మీద మనిషీ ఆయనే. ఎన్‌టీఆర్ ముఖం పెట్టుంటే అందరం చెప్పేవాళ్లం, ఆ ఆనందం మాత్రం ఉండేది కాదు.

'మాయాబజార్' (1957) విషయంలో మాత్రం నాకు పేచీ ఉంది. నీళ్ల మీద వెన్నెల, పడవ అంచు ఇచ్చారు, ఎంపిక బాగుంది. కానీ 2010లో రంగులద్ది విడుదల చేసిన ప్రతిలోంచి తీశారు. కెమెరామన్ మార్కస్ బార్ట్లీ తీసిన వెన్నెలను తెలుపు నలుపుల్లోనే చూడాలి. రంగు పడితే అది మామూలు రాత్రి అయిపోతుంది.

ఇంకో చిక్కు మా చిత్తూరు వైపు వాళ్లకే ఎక్కువగా తగులుతుంది. అరవ సినిమాలు కూడా చూస్తూ పెరిగినవాళ్లం కదా. 'మిస్సమ్మ' (1955) అదే ఏడు తమిళంలో 'మిస్సియమ్మ'గా వచ్చింది. ఎన్‌టీఆర్ స్థానంలో జెమినీ గణేశన్, సావిత్రి మాత్రం రెండిట్లోనూ ఉంది. సావిత్రి ఒక్కతే ఉన్న బొమ్మ ఇస్తే ఏ భాషదని చెప్పాలి? మా పిన్ని తమిళం పేరు కొడితే తప్పన్నది ఆట. అట్లాంటి జంట సినిమాలకు రెండు పేర్లూ ఒప్పుకోవడమే న్యాయం.

ఇక క్లూలు. ఒకరోజు వచ్చిన క్లూ: "ఇందులో శ్రీకృష్ణదేవరాయలు ఉంటారు." తిరుమల గుడిలో దేవేరులతో కలిసి చేతులు జోడించి నిలబడిన ఆయన విగ్రహాలను చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాళ్లకు ఇదొక క్లూనా? 'మల్లీశ్వరి' (1951)లో ఉన్నాడు, 'తెనాలి రామకృష్ణ' (1956)లో ఉన్నాడు, 'మహామంత్రి తిమ్మరుసు' (1962)లో ఉన్నాడు, కాలయంత్రం ఎక్కి వెళ్తే 'ఆదిత్య 369' (1991)లోనూ ఉన్నాడు. జవాబు మల్లీశ్వరి. "మారువేషంలో వచ్చిన రాజుకు ఒక బావ వేళాకోళంగా మాట జారాడు" అని రాసుంటే తెలిసినవాడికి గుండె ఝల్లుమనేది, తెలియనివాడు ఆ సినిమా వెతుక్కుని చూసేవాడు. 'పుష్పక విమానం' (1987)కు దీనికి పూర్తిగా తిరగబడ్డ తప్పు చేశారు. "మాటలు లేని సినిమా" అని చెప్పేశాక ఇంక కనుక్కోవడానికి ఏం మిగిలింది? మంచుతో చేసిన కత్తి అని ఉంటే చాలు.

అందుకే మేం క్లూ అడగడమే మానేశాం. దాంతో ప్రకటనల బాధా పోయింది, డబ్బు కట్టే పనీ లేదు.

'కల్ట్' అని వేరే వరస ఉంది గానీ అందులో సగం విడుదలైన రోజే బాగా ఆడినవే. 'ఖలేజా' (2010) లాగా హాళ్లలో నిలబడక, తర్వాత టీవీలో జనం గుండెకెత్తుకున్నవే ఆ పేరుకు తగినవని నేననుకుంటాను. ఇంకో ఇబ్బంది, పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. 'శంకరాభరణం' తెలిసి కూడా ఒక్క 'హెచ్' దగ్గర ఓడిపోవడం అమ్మలాంటివాళ్లకు అవమానంగా ఉంటుంది. తెలుగులో రాయనిస్తే ఇంట్లో పెద్దవాళ్లు మన చేతి సాయం లేకుండా ఆడుకుంటారు.

అన్నిటికంటే పెద్ద లోటు, ఇన్నాళ్లలో 1950కి ముందరి సినిమా మాకు ఒక్కటీ తగల్లేదు. చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో వేషాలు వేసి, ఆ ఊరి పేరుతోనే జనం నోట నిలిచిన నాగయ్య నటించిన 'త్యాగయ్య' (1946), 'యోగి వేమన' (1947) రాకపోతే అది పాత సినిమాల ఆట ఎట్లా అవుతుంది? నాయన ప్రతి రాత్రీ "ఈ రోజన్నా నాగయ్య వచ్చినాడా?" అని అడుగుతాడు. ఆట తయారు చేసేవాళ్లకు రాశాను, జవాబు రాలేదు. ఈసారి ఏ బొమ్మ పెట్టాలో కూడా చెప్తూ రాస్తా: తంబూరా పట్టుకున్న చెయ్యి ఒక్కటి పెట్టండి, ముఖం వద్దు.