పట్టాభిషేకం బంగారం: సవరన్ మేలా, పతకం మేలా?

"మా అమ్మమ్మ కాసులపేరులో 1911 నాటి జార్జి కాసులున్నాయి. పట్టాభిషేకం నాణేలేగా?" అని చాలామంది అడుగుతున్నారు. బ్రిటన్ రాజు ఐదో జార్జి పట్టాభిషేకం జరిగిన ఏడాదివే, కాదనను. కానీ ఆ ఒక్క ఏడాదే లండన్ టంకశాల 3 కోట్లకు పైగా సవరన్లు, అంటే ఈ బ్రిటిష్ బంగారు కాసులు, కొట్టింది. ఒకవైపు కిరీటం లేని రాజు తల, రెండోవైపు డ్రాగన్‌తో పోరాడే సెయింట్ జార్జి. పట్టాభిషేకం ఊసే లేదు.

నాకు అదే ముఖ్యం. ఆ రోజు సంగతి బంగారం మీద కనిపించాలి.

అందుకే జార్జికి ముందున్న రాజు ఎడ్వర్డ్ 7 పట్టాభిషేకానికి టంకశాల చేసిన అధికారిక బంగారు పతకాల్లో 31 మి.మీ. చిన్నది తీసుకున్నాను. పట్టాభిషేకానికి ముందు పెట్టిన ముహూర్తం 1902 జూన్ 26. సరిగ్గా రెండు రోజుల ముందు రాజుకు కడుపులో ఆపరేషన్ చేయాల్సి రావడంతో వాయిదా పడింది. అప్పటికే ప్రైవేటు తయారీదారులు జూన్ తేదీతో జ్ఞాపికలు కొట్టేశారు. టంకశాల పతకం మీద మాత్రం అసలు జరిగిన రోజు, ఆగస్టు 9 ఉంటుంది. ఒకవైపు కిరీటంతో రాజు, రెండోవైపు రాణి అలెగ్జాండ్రా. ఆ తేదీ చదివినప్పుడల్లా లండన్ అంతా ఎంత టెన్షన్ పడి ఉంటుందో అనిపిస్తుంది.

అమ్మకం దగ్గర మాత్రం సవరన్‌దే పైచేయి. 7.98 గ్రాములు, 22 క్యారెట్లు అని ఏ కంసాలికైనా తెలుసు. పతకానికి అభిరుచి ఉన్నవాళ్లే దొరకాలి, అందుకు నెలలు పట్టొచ్చు. రేపు అవసరానికి అమ్ముకునే ఆలోచన ఉంటే సవరనే కొనండి.

ఆరో జార్జి పట్టాభిషేకం నాటి 1937 బంగారు ప్రూఫ్ సెట్లు (సేకర్తల కోసం ప్రత్యేకంగా మెరుగుపెట్టి కొట్టిన నాణేలు) 5,501 మాత్రమే. అద్దంలా మెరుస్తాయి, వేలిముద్ర పడితే పాడవుతాయి. వాటి మీదా రాజుకు కిరీటం లేదు. 1674లో రాయగఢ్ పట్టాభిషేకంతో మొదలైన శివాజీ బంగారు నాణేలు, హొన్నులు, చాలా అరుదు, నకిలీలు మాత్రం బోలెడు. కొత్తవాళ్లు వాటి జోలికి వెళ్లొద్దు.

నూరేళ్లు దాటిన నాణేలు, పతకాలు మన దేశపు 1972 పురావస్తువుల చట్టం కింద పురావస్తువులు. ఇక్కడ కొని అమెరికాలో ఉన్న పిల్లలకు పంపుదామంటే కుదరదు.

ఇక అమ్మమ్మ కాసులు. కొక్కెం అతికిన చోట టంకం మచ్చ ఉంటే సేకర్తలు బంగారం ధరే ఇస్తారు. వాటిని కాసులపేరు నుంచి ఊడదీయకండి.