ఏఎస్‌ఐ 224ఎంసీ: గ్రహాల ఫొటోలకు తొలి కెమెరాగా కొనొచ్చా?

గురుడు, శని, కుజుడు, చంద్రుడి మీది గుంటలు తీయాలనుకునేవాళ్లకు జెడ్‌డబ్ల్యూఓ కంపెనీ వాళ్ల ఏఎస్‌ఐ 224ఎంసీ ఇప్పటికీ మంచి కెమెరా. గెలాక్సీలు, నెబ్యులాలు నిండుగా తీద్దామని కొంటే మాత్రం డబ్బు దండగ. లోపలున్న సోనీ ఐఎంఎక్స్224 సెన్సర్ అడ్డం 4.9, నిలువు 3.7 మిల్లీమీటర్లే. 1200 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న టెలిస్కోపుకి నేరుగా బిగిస్తే ఫ్రేములోకి వచ్చేది 14 × 10.5 ఆర్క్ మినిట్ల (ఆర్క్ మినిట్ అంటే డిగ్రీలో 60వ వంతు) ఆకాశం. అందులో పున్నమి చంద్రుడి వెడల్పులో సగం కూడా పట్టదు. ఆండ్రోమెడా గెలాక్సీ పొడవేమో 3 డిగ్రీలు!

1304 × 976 పిక్సెళ్లు అనగానే "ఫోన్‌లోనే ఇంతకంటే ఎక్కువ ఉన్నాయిగా" అని పెదవి విరిచేవాళ్లుంటారు. కానీ 2400 మి.మీ. ఫోకల్ లెంగ్త్ దగ్గర కూడా గురుడి బింబం వెడల్పు సుమారు 140 పిక్సెళ్లు మాత్రమే, మిగతాదంతా నల్లటి ఆకాశం. గ్రహాలకు కావాల్సింది వేగం, తక్కువ రీడ్ నాయిస్ (సెన్సర్ ఫ్రేముని చదివేటప్పుడు కలిసే గరుకుదనం). గాలి క్షణక్షణానికీ బింబాన్ని చెదరగొడుతుంటుంది కాబట్టి వేల ఫ్రేములు తీసి, వాటిలో గాలి నిలకడగా ఉన్న క్షణాలవి మాత్రమే ఏరి కలపాలి. ఈ పనిలో 224 దిట్ట: హై స్పీడ్ మోడ్‌లో ఫుల్ ఫ్రేముకి సెకనుకు 150 ఫ్రేముల దాకా వెళ్తుంది, గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్) పెంచితే రీడ్ నాయిస్ ఒక ఎలక్ట్రాన్ కంటే కిందకి దిగుతుంది.

టెలిస్కోపుకి కుదురుతుందా లేదా అన్నది చిన్న లెక్క. పిక్సెల్ సైజు 3.75 మైక్రాన్లు. దాన్ని 5తో గుణిస్తే వచ్చే 18.75 చుట్టుపక్కల ఎఫ్ నిష్పత్తి (ఫోకల్ లెంగ్త్‌ని టెలిస్కోపు వ్యాసంతో భాగిస్తే వచ్చేది) ఉండాలి. 6 అంగుళాల ఎఫ్/8 డాబ్సోనియన్‌కి (చేత్తో తిప్పే అద్దం టెలిస్కోపు) 2ఎక్స్ బార్లో (ఫోకల్ లెంగ్త్‌ని రెట్టింపు చేసే లెన్సు) పెడితే ఎఫ్/16, చాలు. 8 అంగుళాల ఎఫ్/6కి 3ఎక్స్ బార్లో కావాలి. ఎఫ్/12 మాక్సుటోవ్‌కి (పొట్టి గొట్టపు టెలిస్కోపు) గాలి అంత బాగాలేని రాత్రుల్లో ఏ బార్లో లేకపోయినా పర్వాలేదు. ఇంతకు మించి సాగదీస్తే బింబం పెద్దదవుతుంది గానీ వివరం పెరగదు, ఎక్స్‌పోజర్ మాత్రం పెరుగుతుంది. న్యూటోనియన్‌లో (డాబ్సోనియన్లూ ఈ రకమే) కెమెరా నేరుగా పెడితే ఫోకసర్ చివరిదాకా లోపలికి నొక్కినా ఫోకస్ కుదరకపోవచ్చు. బార్లో ఆ ఇబ్బందిని కూడా తీరుస్తుంది.

ఇక డబ్బాలో రాని ముఖ్యమైన సామాను: అతినీలలోహిత, ఇన్‌ఫ్రారెడ్ కాంతిని ఆపే 1.25 అంగుళాల యూవీ/ఐఆర్ కట్ ఫిల్టర్. సెన్సర్ ముందున్న గాజు ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపదు, ఈ సెన్సర్‌కేమో ఇన్‌ఫ్రారెడ్ అంటే మహా ప్రీతి. ఫిల్టర్ లేకుండా తీస్తే రంగులు వెలిసిపోతాయి, లెన్సు టెలిస్కోపుల్లో నక్షత్రాలు ఉబ్బుతాయి. చాలామంది తొలి ఫొటో పాలిపోవడానికి కారణం ఇదే, తప్పు మాత్రం సాఫ్ట్‌వేర్ మీదకి నెడతారు. ఇదే గుణం మరోచోట లాభం. 850 నానోమీటర్ల దగ్గర ఎరుపు, ఆకుపచ్చ, నీలం పిక్సెళ్లు మూడూ దాదాపు సమానంగా స్పందిస్తాయి. ఇన్‌ఫ్రారెడ్‌ని మాత్రమే వదిలే ఐఆర్ పాస్ ఫిల్టర్ పెడితే కలర్ కెమెరా కాస్తా బ్లాక్ అండ్ వైట్ కెమెరాలా పనిచేస్తుంది, గాలి వణుకు కూడా కొంత తగ్గుతుంది. చంద్రుడికి, కుజుడికి బాగా పనికొస్తుంది.

ల్యాప్‌టాప్ విషయంలో రాజీ పడొద్దు. ఫుల్ ఫ్రేము 8 బిట్‌లో 1.27 ఎంబీ. సెకనుకు 100 ఫ్రేములంటే 127 ఎంబీ, పాత హార్డ్ డిస్క్ ఆ వేగం అందుకోలేక ఫ్రేములు వదిలేస్తుంది. యూఎస్‌బీ 3.0 పోర్టు, ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి. వేగం 30 ఫ్రేముల దగ్గరే ఆగిపోతుంటే ముందు పోర్టునీ కేబుల్‌నీ అనుమానించండి. ట్రాకింగ్ ఉన్న మౌంటయితే ఫ్రేముని 640 × 480కి కుదించుకోవచ్చు: 10 మిల్లీసెకన్ల ఎక్స్‌పోజర్‌తో 2 నిమిషాలకు 12,000 ఫ్రేములు, 3.7 జీబీ.

తీసేటప్పుడు ముందు 25 మి.మీ. ఐపీస్‌తో, తర్వాత 10 మి.మీ.తో గ్రహాన్ని సరిగ్గా మధ్యకి తెచ్చి, ఫైండర్‌ని కూడా అక్కడే సరిచేసుకున్నాకే కెమెరా పెట్టాలి. తెర నల్లగానే ఉందంటే చాలాసార్లు గ్రహం ఫ్రేములోనే ఉంటుంది, ఫోకస్ చెదిరి వెలుగు పరుచుకుపోయి ఉంటుంది. గెయిన్ పెంచి ఎక్స్‌పోజర్ 100 మిల్లీసెకన్లు చేస్తే పెద్ద చేతిగాజులాంటి వలయం కనిపిస్తుంది, దాన్ని మధ్యలోకి తెచ్చి ఫోకస్ తిప్పుకుంటూ పోవడమే. వీడియో తీసే సాఫ్ట్‌వేర్ షార్ప్‌క్యాప్‌లో (ఇది విండోస్‌కే, మ్యాక్, లైనక్స్ వాళ్లకు ఫైర్‌క్యాప్చర్ ఉంది) కలర్ స్పేస్ రా8, ఫైల్ రకం ఎస్‌ఈఆర్ పెట్టండి. ఆర్‌జీబీ24 పెడితే ఫైలు మూడింతలవుతుంది, లాభమేమీ ఉండదు. గురుడికి 5 నుంచి 10 మిల్లీసెకన్లు, శనికి 15 నుంచి 30. హిస్టోగ్రామ్ (వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) 50–70 శాతం దగ్గర ఉండేలా గెయిన్ సర్దుకోవాలి. గురుడు 10 గంటల్లోపే తన చుట్టూ తాను తిరిగేస్తాడు కాబట్టి వీడియో 2–3 నిమిషాలు దాటితే ఎర్రమచ్చ అలుక్కుపోతుంది.

ట్రాకింగ్ లేని డాబ్సోనియన్‌తోనూ పని జరుగుతుంది. 2400 మి.మీ. దగ్గర ఫ్రేము పొడవు 7 ఆర్క్ మినిట్లు. గ్రహం సెకనుకు దాదాపు 15 ఆర్క్ సెకన్లు (60 ఆర్క్ సెకన్లు ఒక ఆర్క్ మినిట్) జరుగుతుంది, అంటే దాటడానికి 28 సెకన్లు. కెమెరాని తిప్పి ఫ్రేము పొడవుని గ్రహం కదిలే దిశకి పెట్టుకుని, నాలుగైదు సార్లు దాటనిచ్చి, పీఐపీపీ అనే సాఫ్ట్‌వేర్‌లో అన్నిటినీ మధ్యకి తెచ్చి కత్తిరించుకోవచ్చు. ఆ తర్వాత ఆటోస్టాకర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో మేలైన 25 శాతం ఫ్రేములు కలిపి, రెజిస్టాక్స్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లోని వేవ్‌లెట్ స్లయిడర్లతో పదును పెట్టాలి. ఆ స్లయిడర్లను చివరిదాకా లాగితే గ్రహం అంచున దొంగ వలయాలు పుడతాయి.

తెలుగు రాష్ట్రాల వాళ్లకో వరం ఉంది. 2027 ఫిబ్రవరిలో గురుడు భూమికి దగ్గరైనప్పుడు హైదరాబాద్‌లో దాదాపు నడినెత్తికి వస్తాడు. యూరప్ వాళ్లు చాలామంది కొనే అట్మాస్ఫెరిక్ డిస్పర్షన్ కరెక్టర్ (గ్రహం కిందుగా ఉన్నప్పుడు గాలి వల్ల రంగులు విడిపోవడాన్ని సరిచేసేది) ఖర్చు మనకు అలాంటప్పుడు అక్కర్లేదు. చిక్కల్లా ఏమిటంటే, డాబ్సోనియన్ నడినెత్తిన సరిగ్గా తిరగదు. ఒకటి రెండు గంటలు ముందో వెనకో, 60–75 డిగ్రీల ఎత్తులో తీయడం సుఖం. డాబా మీద పెడితే పగలంతా కాగిన స్లాబు రాత్రి వేడి వదులుతూ బింబాన్ని ఉడికిస్తుంది, మట్టి నేల దొరికితే అక్కడికే వెళ్లండి. 8 అంగుళాల అద్దం బయటి చలికి సర్దుకోవడానికి ముప్పావుగంట నుంచి గంట ఇవ్వాలి.

డీప్ స్కై పూర్తిగా కుదరదని కాదు. రింగ్ నెబ్యులా లాంటి చిన్న వస్తువుల్ని లైవ్ స్టాకింగ్‌తో (ఫ్రేముల్ని అప్పటికప్పుడే కలిపి చూపడం) చూసుకోవచ్చు. కూలింగ్ లేదు కాబట్టి డార్క్ ఫ్రేములు (సెన్సర్ మచ్చల్ని తీసేయడానికి మూత పెట్టి తీసేవి) తీయక తప్పదు.

సూర్యుడి వైపు తిప్పాలంటే సోలార్ ఫిల్టర్ టెలిస్కోపు మూతి దగ్గరే ఉండాలి. అది లేకుండా తిప్పితే సెన్సర్ కాలిపోతుంది, కన్ను పెడితే చూపే పోతుంది.

కొత్తది కొనేంత డబ్బుంటే అదే కంపెనీ 662ఎంసీని కూడా చూడండి: 1920 × 1080, 2.9 మైక్రాన్ల పిక్సెల్, లెక్క ప్రకారం ఎఫ్/14.5 చాలు, ఎఫ్/8 టెలిస్కోపు 2ఎక్స్ బార్లోతోనే సరిపోతుంది. రెండిటి ధరలో తేడా కొద్దిగానే ఉంటే 662నే తీసుకోండి. 224కి అసలైన బేరం సెకండ్ హ్యాండ్‌లో. కొనేముందు మూత పెట్టి, గెయిన్ పూర్తిగా పెంచి, ఒక సెకను ఎక్స్‌పోజర్ ఇచ్చి చూడండి. అక్కడక్కడా మెరిసే చుక్కలు మామూలే, నిలువు అడ్డ గీతలు కనిపిస్తే వద్దనండి. తర్వాత బార్లోతో తెల్లగోడ వైపు తిప్పితే దుమ్ము మచ్చలు తేలతాయి. ఫిల్టర్ తిప్పినప్పుడు కదిలేవి ఫిల్టర్ మీదివి, కదలనివి కెమెరావి. కెమెరా మీది దుమ్ముకి చేతి బ్లోయర్ చాలు, గుడ్డతో రుద్దొద్దు.