సెకండ్ హ్యాండ్ టీటీ బైక్ కొంటున్నారా? సీటు పోస్టు బయటికి తీయించి చూడండి

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి మళ్ళీ సైకిల్ రేసుల్లోకి రావాలని పాత టైమ్ ట్రయల్ (టీటీ) బైక్, అంటే ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే రేసుకి వాడే బైక్, వెతుక్కుంటున్నవాళ్ళు, డబ్బు పంపే ముందు ఇది ఒకసారి చదవండి. నాకు 1,15,000 రూపాయలు పోయాయి. తొక్కింది మొత్తం 11 కిలోమీటర్లు.

తొమ్మిదేళ్ళు సైకిల్ ముట్టలేదు. ఉద్యోగం, పిల్లలు, నడుం నొప్పి అన్నీ అయ్యాక పోయిన ఏడాది మళ్ళీ తెల్లారుజామున రేణిగుంట రోడ్డు పట్టాను. కాళ్ళల్లో కాస్త సత్తువ రాగానే చెన్నై వైపు జరిగే 40 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌కి పేరిచ్చేశాను. పాత రోడ్ బైక్ ఉంది. అయినా మనసు ఊరుకోదు కదా. కొత్త టీటీ బైక్ నా చేతికి అందేది కాదు. బెంగళూరులో ఒకాయన కార్బన్ ఫ్రేమ్ ఉన్నది అమ్మకానికి పెట్టాడు. "ఎనిమిది వందల కిలోమీటర్లు కూడా తిరగలేదు బ్రదర్, ఇంట్లోనే ఉండిపోయింది" అన్నాడు.

ఇంట్లోనే ఉందన్నది అబద్ధం కాదు. ట్రైనర్ మీద, అంటే ఇంట్లోనే కదలకుండా తొక్కే స్టాండు మీద, బిగించి ఏళ్ళ తరబడి దాని మీద చెమటలు కార్చాడని తర్వాత తెలిసింది.

పద్నాలుగు ఫొటోలు పంపాడు. అన్నీ చైను ఉన్న కుడివైపు నుంచే. సైకిల్‌ని ఎవరైనా అటువైపు నుంచే ఫొటో తీస్తారు కాబట్టి నాకు అనుమానం రాలేదు. కోయంబత్తూరు నుంచి ఇంకొకరు అడుగుతున్నారంటే కంగారుపడి 15,000 అడ్వాన్స్ కొట్టాను. పార్సిల్ రసీదు ఫొటో రాగానే మిగతా లక్ష. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి బెంగళూరులో ఉంటాను. శనివారం ఆఫీసులో పని ఉందని వెళ్ళలేదు. ఆ బస్సు టికెట్ ఎంతో లెక్కేసుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

మొదటి రోజు కరకంబాడి రోడ్డులో తొక్కుతుంటే పెడల్ పెడలుకీ కింద నుంచి టిక్, టిక్ అని చప్పుడు. పెడళ్ళ ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ అనుకున్నాను. ఇంటికొచ్చి టేపు పెట్టి కొలిస్తే సీటు సెంటీమీటరు పైనే దిగిపోయింది. బిగింపు ఎంతో కొలిచే టార్క్ రెంచితో మళ్ళీ బిగించాను, అయినా ఆగలేదు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ కుర్రాడు సీటు పోస్టుని (సీటుని మోసే గొట్టం) ఫ్రేమ్‌లో పట్టి ఉంచే క్లాంప్ వదులు చేసి, రెండు చేతులతో పోస్టు లాగేసరికి అది పుటుక్కున ఊడి వచ్చింది.

"అన్నా, ఇంత పొట్టిగా ఉందేంది?"

పోస్టు కింది కొసని ఎవరో రంపంతో కోసేశారు. కోత కూడా వంకరగా ఉంది. ఇంత లోతు లోపల ఉండి తీరాలని కంపెనీ వేసే గీత ఉంటుందే, అది కోసిన ముక్కతోనే పోయింది. పోస్టు ఫ్రేమ్ లోపల దాక్కుని ఉంటుంది కాబట్టి బయటికి ఏమీ తెలీదు. అంత పొట్టి ముక్క మీద మనిషి కూర్చుంటే బరువంతా ట్యూబు అంచు మీదే పడుతుంది. పోస్టు జారుతోందని క్లాంప్‌ని ఇంకా బిగిస్తే కార్బన్ నలుగుతుంది. ఎడమవైపు, క్లాంప్ కిందే ఒక తెల్ల స్టిక్కర్ ఉంది. మెకానిక్ దాని మీదా పక్కనా రూపాయి బిళ్ళతో కొట్టి చూపించాడు. పక్కన కొడితే టక్ టక్. స్టిక్కర్ మీద కొడితే తడిసిన అట్టముక్క మీద కొట్టినట్టు డబ్ డబ్. స్టిక్కర్ గీకి తీస్తే చిటికెన వేలంత పగులు, లోపలంతా నల్లటి మురికి.

ఫోన్ చేస్తే "బస్సులో దెబ్బ తగిలుంటుంది" అన్నాడు. స్టిక్కర్ చెక్కుచెదరకుండా దాని కింద మాత్రమే పగిలే దెబ్బ ఏం దెబ్బో! పాత మురికి కనిపిస్తున్న ఫొటో పంపాక నన్ను బ్లాక్ చేశాడు.

హ్యాండిల్ టేపు విప్పితే ఇంకో కథ. అల్యూమినియం బార్ మీద తెల్లటి పొడి, కింద గుంటలు. చెమట ఉప్పు చేసే పని అది. ఏరో బార్ మీద మోచేతులు ఆనించి ముందుకు వాలతాం కాబట్టి ముఖం మీది చెమటంతా కారేది అక్కడికే. ఆ బార్ రోడ్డు మీద విరిగితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. అందుకే టేపు విప్పించకుండా కొనకండి. మామూలు గుండ్రటి పోస్టు పోతే ఇంకోటి దొరుకుతుంది. టీటీ బైక్ పోస్టు మాత్రం ఆ మోడల్‌కే పట్టే చపటా ఆకారంలో ఉంటుంది, పాత మోడల్ అయితే దొరకడం గగనం. వారంటీ చాలా కంపెనీల్లో మొదట కొన్నవాళ్ళకే. సైజు కూడా "54, మీకు సరిపోతుంది" అంటే నమ్మొద్దు, ఒక్కో కంపెనీ 54 ఒక్కోలా ఉంటుంది. స్టాక్, రీచ్ (పెడళ్ళ ఇరుసు నుంచి ఫ్రేమ్ ముందు గొట్టం పైకొస దాకా ఎత్తు, ముందుకి పొడవు) ఎన్ని మిల్లీమీటర్లో అడగండి. ముందు చక్రం ఫోర్క్ నుంచి పైకి వచ్చి హ్యాండిల్‌ని పట్టే ట్యూబు ఎంత మిగిల్చి కోశారో కూడా అడగండి. నాకొచ్చినదాంట్లో హ్యాండిల్ ఎత్తు పెంచే స్పేసర్ రింగులు పెట్టే చోటే లేదు, నా నడుం అంత కిందికి వంగదు. వీడియో కాల్‌లో పోస్టు బయటికి తీసి, ఎడమవైపు తిప్పి చూపించమనండి. టైమ్ లేదన్నాడంటే ఆ బేరం వదిలేయండి.

ఇంతకీ నాకు ఆ బైకే అక్కర్లేదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో మనల్ని ఆపేది ముఖ్యంగా గాలి. ఆ గాలికి ఎక్కువగా అడ్డుపడేది మన ఒళ్ళే, సైకిల్ కాదు. ఒళ్ళు వంచి ఆ అడ్డు తగ్గించేవి ఏరో బార్లే. 1989 టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజు గ్రెగ్ లెమాండ్ ఏరో బార్లతో తొక్కి మొత్తం మీద 8 సెకన్ల తేడాతో గెలిచాడు. ఈ సంగతి కాలేజీలోనే తెలుసు నాకు, జ్ఞాపకం రావడానికి లక్ష పైన పట్టింది. ఇప్పుడు పాత రోడ్ బైక్‌కే క్లిప్ చేసే ఏరో బార్లు వేసుకుని తొక్కుతున్నాను.

ఆ బైక్ గేర్లు, చక్రాలు విప్పి పెట్టాను, కావాలంటే వచ్చి చూసుకుని తీసుకోండి. ఫ్రేమ్‌ని మాత్రం ఇంకొకరి చేతికి పోకుండా క్లాంప్ దగ్గర రంపంతో రెండు ముక్కలు చేసేశాను.