జపాన్ మందుల షాపులో తిండి సరుకులు: ఏళ్ల తరబడి కొన్నాక తేలిన లెక్క

జపాన్‌లో డ్రగ్‌స్టోర్‌కి తలనొప్పి మాత్రల కోసం వెళ్తే గుమ్మం దగ్గరే కప్ నూడుల్స్ అట్టపెట్టెలు అడ్డం వస్తాయి. ఇది పేరుకే మందుల షాపు. ఫుకువోకా కేంద్రంగా నడిచే కాస్మోస్ లాంటి చైన్‌కి అమ్మకాల్లో సగానికి పైగా తిండి సరుకులే. కారణం సూటిగానే ఉంది. మందుల మీద, క్రీముల మీద మిగులు ఎక్కువ. ఆ ధైర్యంతో పాలు, బ్రెడ్, టోఫు, నూడుల్స్ చాలా తక్కువ లాభానికి వదిలి జనాన్ని లోపలికి రప్పిస్తారు. అలా వచ్చినవాళ్లలో కొందరు షాంపూ కూడా పట్టుకెళ్తారు కదా!

అన్ని షాపులూ ఒకటి కావు. టోక్యోలో స్టేషన్ పక్కనుండే మత్సుమోతో కియోషి రకం షాపులో సౌందర్య సాధనాలదే రాజ్యం, తిండికి రెండు మూడు అరలు మిగులుతాయి. ఊరి అంచున పెద్ద కారు పార్కింగ్‌తో ఉండే షాపుల్లో గోడ పొడవునా ఫ్రీజర్లుంటాయి. కుసురి నో అవోకి, గెంకీ లాంటి చోట్ల కూరగాయలూ దొరుకుతాయి. నెల సరుకు కోసమైతే రెండో రకానికే వెళ్లాలి.

కొత్తగా వచ్చినవాళ్లు ముందుగా పొరబడేది ఇక్కడే: దీన్ని కొన్‌బిని, అంటే జపాన్ కన్వీనియన్స్ స్టోర్, అనుకుంటారు. కొన్‌బినిలో బెంతో (డబ్బాలో సర్దిన భోజనం) ఇస్తే కౌంటర్ వెనక వేడిచేసి ఇస్తారు, కప్ నూడుల్స్‌కి వేడినీళ్ల పాట్ ఉంటుంది. డ్రగ్‌స్టోర్‌లో మామూలుగా మైక్రోవేవ్ ఉండదు, వేడినీళ్లూ ఉండవు, చాప్‌స్టిక్స్ కూడా అడగకుండా ఇవ్వరు. 2020 జులై నుంచి ప్లాస్టిక్ సంచికి డబ్బులు కట్టాలి. అంచేత ఇది ఇంటికి తెచ్చుకుని తినేవాళ్ల షాపు. ఆకలితో అప్పటికప్పుడు తినాలంటే పక్కనున్న కొన్‌బినికే పోవాలి, నాలుగు యెన్‌లు ఎక్కువైనా.

ధర చీటీ చదవడం ఒక విద్య. పెద్ద అక్షరాల్లో 98 అని కనిపిస్తుంది, కింద చిన్నగా 105.84 అని ఉంటుంది. మనం కట్టేది ఆ చిన్న అంకె. తినేవాటి మీద పన్ను 8 శాతం, మిగతా సరుకు మీద 10 శాతం. 2019 అక్టోబర్ నుంచి ఇదే లెక్క. మందుల షాపు కాబట్టి ఇక్కడో తమాషా ఉంది. ఒకే అరలో పక్కపక్కనే ఉండే రెండు చిన్న సీసాల్లో ఒరోనమిన్ సి చల్లని పానీయం కింద లెక్క, పన్ను 8. లిపోవితాన్ డి సగం మందు కింద లెక్క, పన్ను 10. మద్యానికీ 10 శాతమే, వంటలో వాడే తీపి బియ్యపు మద్యం హోన్ మిరిన్ కూడా అందులోకే వస్తుంది. బిల్లులో 8 శాతం వస్తువుల పక్కన చిన్న గుర్తు వేస్తారు, ఒకసారి చూసుకోండి.

ఇక సరుకు. ప్యాక్ అన్నం అన్నిటికన్నా నమ్మకమైనది. 200 గ్రాముల గిన్నె, పైన పల్చని పొర. పొరను చుక్కల గీత దాకా మాత్రమే ఎత్తి మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెట్టాలి. మొత్తం ఊడదీస్తే పైమెతుకులు ఎండి పలుకులౌతాయి, అసలు ఎత్తకపోతే పొర ఉబ్బి చిట్లుతుంది. తీశాక స్పూనుతో ఒకసారి కలిపి నిమిషం ఆగితే లోపలి చల్లని గడ్డ పోతుంది. ఇది జిగురు బియ్యం జాతి కాబట్టి పప్పులోనూ చారులోనూ ముద్ద కడుతుంది. పెరుగన్నానికి మాత్రం ఇంతకన్నా మంచి అన్నం దొరకదు. అక్కడే ఫ్రిజ్‌లో దొరికే 400 గ్రాముల చక్కెర లేని పెరుగు డబ్బా తెచ్చుకుంటే సరి. తీపి కలిపిన చిన్న కప్పుల పెరుగులో జెలటిన్ తరచుగా ఉంటుంది, శాకాహారులు చూసుకోవాలి. 2025 వసంతంలో 5 కిలోల బియ్యం సగటు ధర 4,200 యెన్ దాటింది, ఆ వేడి ప్యాక్ అన్నానికీ తగిలింది. పాత ధరలు గుర్తుపెట్టుకుని వెళ్తే బాధే.

మైక్రోవేవ్ నిమిషాలు తప్పడానికి కారణం వాట్లు. ప్యాకెట్ మీద 500 వాట్లకి 3 నిమిషాలని ఉంటే 600కి రెండున్నర. 1500 అని రాసి ఉంటే అది కొన్‌బినిలో వాడే పెద్ద యంత్రం లెక్క, ఇంట్లో 500 దగ్గర దానికి మూడింతలు పట్టాలి. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. తూర్పు జపాన్ కరెంటు 50 హెర్ట్జ్, పడమర 60. అగ్గువ మైక్రోవేవ్‌లు కొన్ని 60 దగ్గర 700 వాట్లిస్తే 50 దగ్గర 500 మాత్రమే ఇస్తాయి. ఒసాకాలో కొన్న పాత పెట్టెని టోక్యోకి తెచ్చుకుని అన్నం ఉడకలేదని ప్యాకెట్‌ని తిట్టుకుంటే లాభం లేదు. పెట్టె వెనక అతికించిన చీటీ చూడండి.

రెటోర్ట్ కూరలు, అంటే వండి సంచీలో సీలు వేసిన కూరలు, రెండు రకాలు. ఒకటి అల్యూమినియం సంచీ: మరిగే నీళ్లలో మూడు నుంచి ఐదు నిమిషాలు. పొరపాటున మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలు వస్తాయి. రెండోది పెట్టె మూత తెరిచి, సంచీని బయటికి తీయకుండా పెట్టెతో సహా నిలబెట్టేది. దానికి ఆవిరి పోయే దారి ముందే ఉంటుంది. 1968లో వచ్చిన బోన్ కరీ ఈ జాతికి తాత. రుచిలో మన కూరకి చాలా దూరం, తీపి ఎక్కువ. కారం స్థాయి "కరకుచి" (కారం ఎక్కువ) అని ఉన్నా మన నాలుకకి మధ్యస్థమే.

శాకాహారులకి అసలు కష్టం పదార్థాల జాబితా దగ్గర మొదలౌతుంది. కూరగాయల బొమ్మ ఉన్న కూరలో గొడ్డు కొవ్వు, పంది ఎక్‌స్ట్రాక్ట్ ఉండటం మామూలే. చాలామంది అలర్జీ పట్టిక చూసి నిశ్చింతగా కొనేస్తారు. అదే పొరపాటు. గోధుమ, గుడ్డు, పాలు, రొయ్య, పీత లాంటివి రాయడం చట్టప్రకారం తప్పనిసరి. గొడ్డు, పంది, కోడి, జెలటిన్ రాయమని సలహా మాత్రమే. కత్సువో చేప, అంటే జపాన్ వంటలో సగం రుచికి మూలమైన ఎండు చేప, రెండింట్లోనూ లేదు. కాబట్టి పట్టికని కాదు, జాబితాని చదవాలి. అందులో అడ్డగీతకి ముందున్నవి తిండి పదార్థాలు, బరువులో ఎక్కువ నుంచి తక్కువకి. గీత తర్వాతవి రంగులు, రుచి పొడులు. ఫోన్ కెమెరాతో అనువదించేటప్పుడు సంచీని చేత్తో చదును చేయండి, ముడత మీద అక్షరం వంగితే పంది కాస్తా ఇంకేదో అయిపోతుంది. నత్తో (పులియబెట్టిన సోయా గింజలు) కొంటే గింజలు శాకాహారమే, పక్కన పెట్టే చిన్న సాస్ పొట్లంలో మాత్రం సాధారణంగా చేప రసం ఉంటుంది. దాన్ని పక్కనపెట్టి ఉప్పు, నిమ్మకాయ వాడుకోవచ్చు.

చిరుతిళ్లలో ఉప్పు చిప్స్‌కన్నా కన్సొమె చిప్స్ విషయంలో జాగ్రత్త, పేరులోనే మాంసం చారు ఉంది. సెన్‌బేకి (బియ్యపు అప్పడాల్లాంటి బిస్కెట్లు) పూసే సోయా పూతలో చేప రసం కలిపేవి చాలానే. కేలరీ మేట్ అనే బిస్కెట్ నాలుగు కడ్డీలకి 400 కిలోకేలరీలు, గుడ్డు ఉంటుంది. ఏ అనుమానం లేకుండా తినదగ్గది యోకాన్ అనే మిఠాయి: ఎర్ర చిక్కుడు, చక్కెర, సముద్రపు నాచు నుంచి తీసిన కంతెన్, అంతే. ఉప్పు వేయని వేరుశనగ, బాదం ప్యాకెట్లు కూడా.

కప్ నూడుల్స్ గురించి ఒక్క అంకె చాలు. నిస్సిన్ మామూలు కప్పులో ఉప్పు 4.9 గ్రాములు, అందులో సగానికి పైగా రసంలోనే. రోజుకి మగవాళ్లకి 7.5 గ్రాములు, ఆడవాళ్లకి 6.5 గ్రాముల లోపు అని అక్కడి ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం. రసం పారబోయండి.

ఫ్రీజర్ సరుకులో ఉదోన్ (లావు గోధుమ నూడుల్స్), ఎదామామే (పచ్చి సోయా కాయలు) రెండూ కొనదగ్గవి. కొనేముందు సంచీ నొక్కి చూడాలి. ఎదామామే గింజల్లా విడివిడిగా గలగలలాడాలి. అంతా ఒకే గడ్డగా ఉంటే మధ్యలో ఎక్కడో కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. ఒక షాపులో తలుపు పక్కనున్న ఫ్రీజర్‌లో ఇలాంటివి తరచుగా తగులుతుంటాయి, లోపలి వరుస నుంచి తీసుకోవడమే మార్గం. మంచు ముక్కలు ఉచితంగా ఇచ్చే ఏర్పాటు సూపర్ మార్కెట్లో ఉన్నంతగా ఇక్కడ ఉండదు. ఎండాకాలం ఫ్రీజర్ సరుకు చివర్లో బుట్టలో వేసుకోండి.

తేదీ దగ్గర మనవాళ్లు బోల్తా పడతారు. 26.08.05 అంటే 2026 ఆగస్టు 5, ముందు సంవత్సరం. "షోహి" గడువు దాటితే పారేయాలి. "షోమి" గడువు దాటితే రుచి తగ్గొచ్చు, వెంటనే చెడిపోదు. సాయంత్రం బ్రెడ్, టోఫు మీద 20 శాతం, సగం ధర స్టిక్కర్లు పడేది ఈ గడువు దగ్గరపడ్డవాటికే. ఆ రాత్రే తినేస్తామంటే కొనొచ్చు.

పర్యాటకులుగా వెళ్లేవాళ్లకి ఒకటి. 5,000 యెన్, ఆపైన కొంటే పన్ను లేకుండా ఇచ్చే సరుకుని సీలు సంచీలో పెడతారు, దేశం దాటేదాకా విప్పకూడదు. హోటల్లో తినే చిప్స్‌కి విడిగా బిల్లు వేయించుకోవాలి. 2026 నవంబర్ 1 నుంచి పద్ధతి మారుతోంది: ముందు పన్ను కట్టి, విమానాశ్రయంలో వెనక్కి తీసుకోవాలి.