నీళ్లతో కడిగే పని తప్పించిన మెగ్నీషియం సిలికేట్ పొడి: కానుగ బయోడీజిల్‌కి ఏళ్లుగా వాడాక

కానుగ నూనెతో బయోడీజిల్ చేసుకునేవాళ్లకి ఈ మెగ్నీషియం సిలికేట్ పొడి కొత్త కాదు. తయారైన డీజిల్‌లో మిగిలే సబ్బుని నీళ్లతో కడిగి తీసే బదులు దీన్ని వాడతారు. డీజిల్ బరువులో ఒక శాతం దాకా వేసి, 60 డిగ్రీల వేడిలో కాసేపు తిప్పి వడకట్టడమే.

నాకైతే ఇది ప్రాణం లేచొచ్చిన వస్తువు. మాది అనంతపురం వైపు, బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. కానుగ నూనెలో ఆమ్లం ఎక్కువ కాబట్టి సబ్బు ఎలాగూ పడుతుంది, దాన్ని కడగడానికి ఈ నీళ్లు పోస్తే అంతా చిలికిన మజ్జిగలా అయిపోయి తెల్లారినా తేటపడేది కాదు. తేటపడ్డాక కూడా తడి పోయేదాకా మళ్లీ కాచాలి. పొడి మొదలుపెట్టాక ఆ బాధే లేదు, సబ్బునీ మిగిలిన గ్లిజరిన్‌నీ అదే పట్టేసుకుంటుంది.

కానీ ఒకసారి బాగా ఏడిపించింది. వేరుశనగకి తడి పెడుతుంటే లోడ్ పడగానే ఇంజన్ దిగిపోయి ఆగింది. ఫిల్టర్ విప్పితే లోపల బూడిద రంగు ముద్ద, వేళ్ల మధ్య రాస్తే గరుకే తెలియనంత మెత్తన. గుడ్డ వడపోత చాలని అమ్మినతను గట్టిగా చెప్పాడు, చాలదు! ఆ పొడి ఇంజన్‌కి డీజిల్ అందించే పంపులోకో నాజిల్‌లోకో పోయుంటే రిపేరు ఖర్చుకి కొత్త ఇంజన్ ధరలో సగం అయ్యేది, ఇప్పటికీ తలుచుకుంటే కోపం వస్తుంది. ఇప్పుడు మొదట దిగిన మసక డీజిల్‌ని మళ్లీ పొడి కలిపిన ట్యాంకులోకే పోస్తాను, గుడ్డ మీద పొడి మందంగా పేరుకున్నాక తేటగా దిగుతుంది, దాన్ని 1 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి మరోసారి పంపుతాను.

ఇంకో మాట, సబ్బుని పట్టేస్తుందన్నాను గానీ రియాక్షన్ కోసం నూనెలో కలిపిన మెథనాల్ (ఒక రకం ఆల్కహాల్) మిగిలింది ముందే ఆవిరి చేసి తీసేస్తేనే నా దగ్గర బాగా పనిచేసింది. బయోడీజిల్‌గా సగమే మారిన నూనెని ఏ పొడీ బాగుచేయదు. అందుకే పొడి వేసేముందు 27 మిల్లీలీటర్ల మెథనాల్‌లో 3 మిల్లీలీటర్ల బయోడీజిల్ కలిపి చూస్తాను, అడుగున నూనె దిగితే ఆ బ్యాచ్‌ని మళ్లీ రియాక్షన్‌కే పంపాలి. ఫ్రీ గ్లిజరిన్ (డీజిల్‌లో విడిగా మిగిలిపోయిన గ్లిజరిన్) 0.02 శాతం దాటకూడదన్న లెక్క మాత్రం ల్యాబ్‌లోనే తేలుతుంది, అమ్మకానికి చేసేవాళ్లు ఆ టెస్ట్ మానకండి.

మంచి నీళ్లు సమృద్ధిగా ఉండి, రెండ్రోజులు ఆగగలిగేవాళ్లకి పొడి ఖర్చు దండగే అనిపించొచ్చు. నాకు నీళ్లూ లేవు, ఆగే టైమూ లేదు కాబట్టి కొంటూనే ఉంటాను. వాడేసిన పొడి నూనె పీల్చుకుని ఉంటుంది, కుప్పపోస్తే దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. తడిపి, మూతున్న ఇనప డ్రమ్ములో వేసి షెడ్డుకి దూరంగా పెట్టండి.